స్టెంట్ వేశారు సరే, మనసు ఎలా ఉందని ఎవరడుగుతారు? – బెంగళూరు గుండె వైద్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన బెంగళూరు హృద్రోగ నిపుణులకు, గుండె ఆస్పత్రుల యాజమాన్యాలకు, కర్ణాటక ఆరోగ్య శాఖ అధికారులకు,

నమస్కారం.

గుండెపోటు తర్వాత మనిషిని పట్టే డిప్రెషన్ (తగ్గని దిగులు, కుంగుబాటు) గురించి గుండె ఓపీల్లో ఎవరూ అడగడం లేదు. ఈ విషయం మొదట మావారికి వైద్యం చేసిన ఆస్పత్రికే చెప్పుకున్నాను. ఫీడ్‌బ్యాక్ ఫారంలో రాశాను, మెడికల్ సూపరింటెండెంట్ పేరున ఉత్తరం ఇచ్చాను, మెయిల్ కూడా పెట్టాను. "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అని ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు. ఆ ఆస్పత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. మా చుట్టాల్లో, మా అపార్ట్‌మెంట్‌లో, చిక్కపేట దుకాణాల్లో గుండె జబ్బు ఉన్నవాళ్లను కదిలిస్తే దాదాపు అందరూ ఇదే మాట చెప్పారు. ఒక్క ఆస్పత్రి నిర్లక్ష్యమే అయితే గొడవ అక్కడే తేల్చుకునేదాన్ని, ఇలా అందరికీ రాసేదాన్ని కాదు.

మీ పనితనం మీద మాకు అనుమానం లేదు. అర్ధరాత్రి తీసుకొస్తే తెల్లారేలోగా బ్లాక్ తెరిచి మనిషిని మాకు అప్పగించారు. నా ఫిర్యాదు ఆ తర్వాతి నెలల గురించి.

మావారిది హిందూపురం. చిక్కపేటలో బట్టల హోల్‌సేల్ వ్యాపారం. 52 ఏళ్లకు గుండెపోటు వచ్చింది, స్టెంట్ వేశారు. ఇంటికొచ్చాక మనిషి మనిషిలా లేరు. మొదట నీరసం అనుకున్నాం. గుండెపోటు తర్వాత నీరసం, నిద్ర సరిగ్గా పట్టకపోవడం, అన్నం సహించకపోవడం ఎవరికైనా ఉంటాయి కదా. కానీ నెలలు గడిచినా తగ్గలేదు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, ఇక నిద్ర పట్టేది కాదు. దుకాణానికి వెళ్లడం మానేశారు. కూతురు ఫోన్ చేస్తే "అమ్మతో మాట్లాడు" అని నాకిచ్చేసేవారు. అన్నం కలుపుకొని, ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే కూర్చునేవారు.

ఫాలో-అప్‌కు తీసుకెళ్తే బీపీ చూశారు, ఎకో తీశారు, చెడు కొలెస్ట్రాల్ (ఎల్‌డీఎల్) ఎంతుందో చూశారు. పంపింగ్ బాగుందన్నారు. "ఎవరితోనూ మాట్లాడటం లేదు డాక్టర్‌గారూ, బతికి ఏం లాభం అంటున్నారు" అని నేనే నోరు విప్పి చెప్పాను. "పెద్ద గండం గడిచింది కదమ్మా, అలాగే ఉంటుంది. టెన్షన్ పెట్టుకోవద్దని చెప్పండి" అన్నారు. అప్పటికే తర్వాతి పేషెంట్ తలుపు తీసుకుని నిలబడి ఉన్నాడు. ఆ డాక్టరుగారిని తిట్టబుద్ధి కాదు. ఒక్క ఉదయం ఆయన ఎంతమందిని చూడాలో ఆ వరండాలో కూర్చున్నవాళ్లకు తెలుసు.

మావారి మాత్రలకు వారం రోజుల పేర్లున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి కొన్నాం. ఆదివారం రాత్రి నేనే నింపేదాన్ని. వారం తిరిగేసరికి గళ్లన్నీ ఖాళీ అయ్యేవి కాబట్టి వేసుకుంటున్నారనే అనుకున్నాం. ఒకరోజు మంచం జరిపి ఊడుస్తుంటే గోడ వారగా మాత్రలు కనిపించాయి. గులాబీ రంగువి, తెల్లవి, దుమ్ము పట్టి ఉన్నాయి. అడిగితే కోప్పడలేదు, అబద్ధమూ ఆడలేదు. "ఇవన్నీ మింగి ఏం చెయ్యాలి?" అన్నారు. ఆ తర్వాత కొద్దిరోజులకే మళ్లీ నొప్పి, మళ్లీ క్యాత్ ల్యాబ్ (స్టెంట్ వేసే గది), రెండో స్టెంట్.

మాత్రలు మానడం వల్లే రెండోది వచ్చిందని తీర్పు చెప్పడానికి నేను డాక్టర్ని కాను. కానీ స్టెంట్ వేసిన మొదటి ఏడాది రక్తం పలుచన చేసే మాత్రలు మీకై మీరు ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చని డిశ్చార్జి రోజు మాకు చెప్పింది మీరే.

రెండోసారి చేరినప్పుడు డ్యూటీలో ఉన్న ఒక చిన్న డాక్టరమ్మ, మమ్మల్ని బయటికి పంపి, స్టూలు లాక్కుని కూర్చుని ఆయన్ని అడిగిందట. పనుల మీద ఆసక్తి ఉంటోందా, దిగులుగా ఉంటోందా అని. ఆయన చాలాసేపు ఏడ్చారట. మానసిక వైద్యుడికి చీటీ రాసింది ఆమే. ఇప్పుడు చికిత్స నడుస్తోంది, పూటపూటా మాత్రలు వేసుకుంటున్నారు, మధ్యాహ్నం దాకా దుకాణంలో ఉంటున్నారు. ఆ పలకరింపు ఒక డాక్టరమ్మ మంచితనంగా మిగిలిపోకూడదు. అది ప్రతి గుండె ఓపీలో ఒక పద్ధతిగా ఉండాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఇందులో మీకు తెలియనిది ఏమీ లేదు. మాంట్రియల్‌లో గుండెపోటు వచ్చిన 222 మందిని గమనించి 1993లో ప్రచురించిన అధ్యయనంలో, డిప్రెషన్ ఉన్నవాళ్లు ఆరు నెలల్లోపు చనిపోయే ప్రమాదం లేనివాళ్లకంటే అయిదు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. గుండె ఎంత దెబ్బతిన్నదీ లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు. మన దేశం కూడా ఉన్న 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనం 2004లో గుండెపోటుకు తొమ్మిది ముఖ్య కారణాలు చెప్పింది. పొగాకు, షుగర్, బీపీల పక్కనే మానసిక ఒత్తిడి, డిప్రెషన్ కూడా అందులో ఉన్నాయి. 2008లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ గుండె రోగులందరినీ డిప్రెషన్ గురించి అడగాలని సూచించింది. 2014లో అదే సంస్థ నిపుణులు, గుండెపోటు తర్వాత పరిస్థితి విషమించడానికి డిప్రెషన్‌ను ఒక రిస్క్ ఫ్యాక్టర్‌గా గుర్తించాలన్నారు. గుండెపోటు వచ్చినవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి చికిత్స అవసరమైనంత డిప్రెషన్ ఉంటుందన్నది మీ వైద్య పత్రికల మాటే.

ఎందుకలా అన్నది మానసిక వైద్యుడు మాకు ఓపిగ్గా వివరించారు. డిప్రెషన్‌లో రక్తంలోని ప్లేట్‌లెట్లు తొందరగా అతుక్కుని గడ్డ కట్టే గుణం పెరుగుతుంది. కార్టిసాల్ లాంటి ఒత్తిడి హార్మోన్లు ఎక్కువవుతాయి. రక్తనాళాల్లో వాపు పెరుగుతుంది. అవసరాన్ని బట్టి గుండె వేగం మారే సహజమైన సర్దుబాటు తగ్గుతుంది. వీటికి తోడు మనిషి నడక మానేస్తాడు, మానేసిన సిగరెట్ మళ్లీ అందుకుంటాడు, మాత్రలు పక్కన పడేస్తాడు. ఇవన్నీ ఒకే మనిషిలో ఒకేసారి జరుగుతాయి.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే మీలో ఎవరో ఒకరు తప్పక లేవనెత్తుతారు. డిప్రెషన్ తగ్గిస్తే గుండెపోటు ఆగుతుందని గట్టిగా రుజువైందా? పూర్తిగా కాలేదు. అమెరికాలో 2,481 మంది మీద చేసి 2003లో ప్రచురించిన ఎన్‌రిచ్‌డీ ప్రయోగంలో కౌన్సెలింగ్‌తో మనసు కుదుటపడింది గానీ, మరణాల్లో, రెండో గుండెపోట్లలో తేడా రాలేదు. కొరియాలో 300 మందికి 24 వారాలు చికిత్స ఇచ్చి ఎనిమిదేళ్లదాకా గమనించిన ప్రయోగం 2018లో వచ్చింది. మందు వేసుకున్నవాళ్లలో 40.9 శాతానికి, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 53.6 శాతానికి మళ్లీ పెద్ద గుండె సమస్యో, మరణమో ఎదురైంది. కాబట్టి మాటను సాగదీయను. కానీ కాలు విరిగినవాడికి కట్టు కట్టేముందు దీనివల్ల ఆయుష్షు పెరుగుతుందా అని ఎవరూ అడగరు. డిప్రెషన్ తనంతట తానే ఒక బాధ, దానికి వైద్యం ఉంది. మా అడుగు అక్కడినుంచే మొదలవుతుంది.

డిప్రెషన్ గురించి ఎవరూ అడగకపోవడం వల్ల మామూలు జనం పడుతున్న కష్టాలు, మేము అడుగుతున్నవి ఇవి:

1. అడగకపోవడం వల్ల మాత్రలు ఆగిపోతున్నాయి. డిశ్చార్జి సమ్మరీలో పది మాత్రల పేర్లు ఉంటాయి. వాటిని రోజూ మింగాలన్న కోరిక మనిషిలో ఉందో లేదో ఎక్కడా ఉండదు. దక్షిణాసియాలో మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోందని, ఇతర ప్రాంతాల్లో 59 దగ్గర అని ఇంటర్‌హార్ట్ లెక్క. అంటే పిల్లల చదువులు, ఇంటి లోను ఇంకా మెడ మీద ఉన్న వయసు. ఆ మనిషి కుంగిపోయి మందులు మానితే ఇల్లంతా కూలుతుంది. కొందరు వాట్సాప్‌లో వచ్చిందని బీటా బ్లాకర్ అనే గుండె మందును మానేస్తున్నారు, దిగులు దానివల్లేనట. ఆ మందు మీద ఆ అపవాదు ఎప్పటినుంచో ఉంది, తర్వాతి పరిశోధనలు దాన్ని బలపరచలేదు. ఆ మాట చెప్పాల్సింది మీరు.

మేము కోరేది: డిశ్చార్జి రోజున, ఆ తర్వాత ప్రతి ఫాలో-అప్‌లో రెండు ప్రశ్నలు అడగాలి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి, సంతోషం లేకుండా పోయాయా? దిగులుగా, ఆశ లేనట్టుగా అనిపించిందా? ఏ ఒక్కదానికి అవునన్నా పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల ఫారం నింపించాలి. డాక్టరుగారికి తీరిక లేకపోతే బీపీ చూసే నర్సమ్మ అడగొచ్చు. జవాబు మాత్రం బీపీ పక్కనే ఫైల్లో ఎక్కాలి. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు అవునంటే, ఆ రోగి మానసిక వైద్యుణ్ణి కలవకుండా ఆ రోజు ఇంటికి వెళ్లకూడదు.

2. ఎవరు, ఏ భాషలో, ఎక్కడ అడుగుతారన్నది కూడా ముఖ్యం. అనంతపురం, మదనపల్లె, చిత్తూరు వైపు గుండె కేసంటే చాలామంది బెంగళూరు బస్సెక్కుతారు. మావారు కన్నడలో బేరం చేస్తారు, హిందీలో లారీవాళ్లతో పోట్లాడతారు. మనసులో మాట మాత్రం తెలుగులోనే వస్తుంది. ఊళ్లనుంచి వచ్చే పెద్దవాళ్లకు ఆ బేరాల భాష కూడా రాదు. ఓపీలో నేను చూసింది చెప్తాను. ఒక పెద్దాయనకు ఇంగ్లీషు ప్రశ్నను వార్డుబాయ్ తెలుగులో వరండా అంతా వినబడేలా అడిగాడు. పక్కన కోడలు నిలబడి ఉంది. ఆ పెద్దాయన "ఏం లేదు నాయనా, బాగున్నా" అన్నాడు. మరేమంటాడు? పీహెచ్‌క్యూ ప్రశ్నలు తెలుగులో, కన్నడలో, తమిళంలో, హిందీలో ఉన్నాయి, వాడుకోవడానికి రుసుము లేదు. అచ్చు వేయించి పెట్టండి. చదువు రానివాళ్లను బంధువులు లేనిచోట కూర్చోబెట్టి అడగండి.

3. అడిగేవాళ్లు లేక జనం మెడికల్ షాపును ఆశ్రయిస్తున్నారు. నిద్ర పట్టడం లేదంటే ఎవరో ఎప్పుడో రాసిన చీటీ మీద ఆల్‌ప్రజోలం దొరుకుతోంది. అది అలవాటయ్యే మందు, డిప్రెషన్‌ను తగ్గించదు. మా వీధిలో ఒకాయన, బైపాస్ అయిన మనిషి, తన అన్నగారికి రాసిన అమిట్రిప్టిలిన్ అనే డిప్రెషన్ మందు వేసుకుంటున్నారు. ఆ పాతకాలపు రకం మందులు గుండె లయను దెబ్బతీయగలవని, గుండెపోటు వచ్చినవాళ్లకు సాధారణంగా ఇవ్వరని మీకు తెలుసు, ఆయనకు తెలియదు. సెర్ట్రలిన్ అనే కొత్త రకం డిప్రెషన్ మందు గుండె రోగులకు సురక్షితమేనని 369 మంది మీద జరిపిన ప్రయోగం 2002లోనే చూపింది. అయినా ఆ రకం మందులు రక్తం పలుచన చేసే యాస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే రక్తస్రావం అవకాశం కొంత పెరుగుతుంది. అదే రకానికి చెందిన సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్‌లకు ఈసీజీ చూసి డోసు నిర్ణయించాలి. అంటే ఇద్దరు డాక్టర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి. ఇప్పుడు ఆ మాటలు మోసేది మేమే. ఫైలు పట్టుకుని ఇక్కడినుంచి అక్కడికి, అక్కడినుంచి ఇక్కడికి, మందుల పేర్లు సగం మర్చిపోతూ.

అందుకని ప్రతి గుండె ఆస్పత్రిలో వారంలో కొన్ని రోజులైనా మానసిక వైద్యుడు గానీ, శిక్షణ పొందిన క్లినికల్ సైకాలజిస్ట్ గానీ అదే అంతస్తులో కూర్చోవాలి. "సైకియాట్రీ బ్లాక్" అన్న బోర్డున్న వేరే భవనానికి పంపితే మావాళ్లు లిఫ్ట్ దాకా వెళ్లి ఇంటికి తిరిగొచ్చేస్తారు. పంపించడానికి ఒక మనిషిని చూపించకుండా ఊరికే ప్రశ్నలు అడిగి టిక్కు పెట్టుకునే పనైతే మొదలుపెట్టకండి. దానికంటే అడగకపోవడమే నయం.

4. ఆడవాళ్ల సంగతి. గుండెపోటు వచ్చిన ఆడవాళ్లలో, ముఖ్యంగా అరవై దాటనివాళ్లలో, డిప్రెషన్ మగవాళ్లకంటే ఎక్కువగా కనిపిస్తుంది. మగవాడు దుకాణం మానేస్తే నలుగురికీ తెలుస్తుంది. ఆమె మాత్రం వంట చేస్తూనే, పిల్లల డబ్బాలు కడుతూనే కుంగిపోతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. ఫాలో-అప్‌కు వచ్చిన ఆమెను ఒక్కదాన్నే లోపలికి పిలిచి మాట్లాడండి. భర్తో కొడుకో జవాబులు చెప్తుంటే ఆపండి.

5. డబ్బు. మానసిక జబ్బులకు కూడా శరీర జబ్బులతో సమానంగా బీమా ఇవ్వాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీద సమానమే. కానీ కౌన్సెలింగ్ ఓపీలో జరుగుతుంది, చాలా పాలసీలు ఆస్పత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. రెండో స్టెంట్‌కు లక్షలు ఇచ్చిన బీమా కంపెనీ, కౌన్సెలింగ్ బిల్లులను పైసా ఇవ్వకుండా వెనక్కి పంపింది. స్టెంట్ ప్యాకేజీ ధరలోనే ఏడాదిపాటు మానసిక ఆరోగ్య సంప్రదింపులను, వ్యాయామ శిక్షణను కలపమని ఆస్పత్రులను అడుగుతున్నాం. కార్డియాక్ రిహాబ్ (గుండె రోగులు కోలుకునేందుకు ఇచ్చే శిక్షణ) అని బ్రోషర్లలో బొమ్మలు వేస్తారు, చేరదామంటే సీటు దొరకదు. పర్యవేక్షణలో చేసే ఆ వ్యాయామం దిగులును కూడా తగ్గిస్తుందని మీకు వేరే చెప్పాలా?

6. ప్రభుత్వానికి. పునీత్ రాజ్‌కుమార్ హృదయ జ్యోతి పథకం కింద తాలూకా ఆస్పత్రిలోనే ఈసీజీ తీసి, గడ్డ కరిగించే ఖరీదైన ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తున్నారు. మంచి పథకం, ప్రాణాలు నిలబెడుతోంది. ఆ రోగి తర్వాత ఏమయ్యాడో చూసే బాధ్యతను కూడా అందులోనే చేర్చండి. తాలూకా ఆస్పత్రులకు మానసిక వైద్యులు మంగళవారాల్లో వచ్చే మనోచైతన్య కార్యక్రమం మీదే. గుండె రోగుల ఫాలో-అప్ కూడా అదే మంగళవారం పెడితే పల్లెటూరి మనిషికి ఒక రోజు కూలి, ఒక బస్సు చార్జీ మిగులుతాయి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

ఇక బెంగళూరులోనే దేశమంతా పేరున్న గుండె సంస్థ జయదేవ ఉంది. ఆటోలో వెళ్లేంత దూరంలో మానసిక వైద్యానికి దేశంలోనే పెద్ద దిక్కయిన నిమ్హాన్స్ ఉంది. ఈ రెండింటి నిపుణులను కూర్చోబెట్టి, తాలూకా డాక్టర్లు, నర్సులు వాడుకునేలా నాలుగు పేజీల మార్గదర్శిని ఒకటి రాయించండి. ఎవరు అడగాలి, ఎంత స్కోరుకు ఎక్కడికి పంపాలి, ఏ మందు ఏ గుండె మందుతో కలవకూడదు. నాలుగు పేజీలకు మించితే ఎవరూ చదవరు.

2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ ఉచిత ఫోన్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, భాష ఎంచుకోవచ్చు. ఈ నంబరును గుండె రోగుల డిశ్చార్జి సమ్మరీ మీద, ఎమర్జెన్సీ నంబరు పక్కనే, పెద్ద అక్షరాల్లో అచ్చు వేయమని అడగడానికి నాకే సిగ్గుగా ఉంది, అంత చిన్న పని అది. ఈ లేఖ చదువుతున్న గుండె రోగులు, వాళ్ల ఇంటివాళ్లు మాత్రం ఎవరి సర్క్యులర్ కోసమూ ఆగక్కర్లేదు. ఈ రాత్రే ఫోన్ చేయొచ్చు.

ఈ లేఖను ఆరోగ్య శాఖ కమిషనర్ కార్యాలయానికి, నగరంలోని గుండె ఆస్పత్రులకు స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ధన్యవాదాల మెసేజ్ వద్దు. మీ గుండె ఓపీలో ఆ రెండు ప్రశ్నలు ఏ తేదీ నుంచి అడుగుతారు, ఎవరు అడుగుతారు, అవునన్నవాళ్లను ఏ గదికి పంపుతారు – ఈ మూడింటికీ రాతపూర్వకంగా జవాబివ్వండి. నెల రోజుల్లో రాకపోతే, ఏయే ఆస్పత్రిలో అడుగుతున్నారు, ఎక్కడ అడగడం లేదు అన్నది రోగుల ఇళ్లవాళ్లం కలిసి మేమే రాసుకుని జాబితా తయారుచేస్తాం. చిక్కపేట దుకాణాల్లోనే నలుగురు పేర్లు ఇచ్చారు.

ఇట్లు,
ఒక గుండె రోగి భార్య,
హొరమావు, బెంగళూరు